పెద్దదైతేనే మొక్కుతామా?

నేవీ విన్యాసాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసకేస్తే రాలనంత జనం. పెద్ద యుద్ధనౌక కనబడగానే ఫోన్లన్నీ పైకి లేస్తాయి. చిన్న బోట్లు నురగ చిమ్ముకుంటూ వచ్చేసరికి సగం మంది మురీ మిక్చర్ బండి వైపు తిరుగుతారు. వేదిక మీది పెద్దల తీరూ అంతే.

అసలు డిసెంబరు 4 ఎవరి పుణ్యాన నేవీ డే అయింది? 1971 పాకిస్థాన్ యుద్ధంలో ఆ రాత్రి కరాచీ మీద పడ్డవి నిపాత్, నిర్ఘాత్, వీర్. మూడూ మిసైల్ బోట్లే. ఒక్కోటి 40 మీటర్లు కూడా ఉండదు, మనుషులు ఓ 30 మంది, వాళ్ల పక్కనే నాలుగు క్షిపణులు, ఒక్కో క్షిపణి బరువు 2 టన్నుల పైమాటే. తీరం కాపలాకని సోవియట్ యూనియన్ దగ్గర కొన్న ఆ బోట్లను అంత దూరం తీసుకెళ్లి, శత్రువు విన్నా అంతుపట్టకుండా రేడియోలో రష్యన్‌లో మాట్లాడుకుంటూ, పాక్ యుద్ధనౌకలు ఖైబర్‌నీ ముహాఫిజ్‌నీ ముంచి, కరాచీ రేవులోని కీమారి చమురు ట్యాంకులను అంటించి, మనవైపు ఒక్క ప్రాణం పోకుండా తిరిగొచ్చారు. పండగ వాళ్లది, ఫొటోలు పెద్ద ఓడలవి!

మన తీరాన కుర్సురా జలాంతర్గామి ఉంది, టీయూ-142 విమానం ఉంది. మిసైల్ బోటు ఒక్కటీ లేదు. కర్ణాటకలోని కార్వార్ వాళ్లు చపల్ అనే మిసైల్ బోటును తెచ్చి బీచ్‌లో నిలబెట్టుకున్నారు. 1971లో ఆ బోట్లు పోరాడింది పడమటి సముద్రంలో, విశాఖకేం సంబంధం అని కొందరంటారు. సరే, మరి ఆ యుద్ధంలో కుర్సురా గస్తీ తిరిగిందెక్కడ? అరేబియా సముద్రంలోనే కదా. పెద్దది గనక మనదైంది, చిన్నది గనక పరాయిదైంది.

ఇది పాత ముచ్చటే అయితే ఇంత మంట ఉండేది కాదు. 2008 ముంబై దాడి తర్వాత పుట్టిన నేవీ తీర కాపలా దళం సాగర్ ప్రహరీ బల్ కుర్రాళ్లు, అలల మీద బోటు ఎగిరెగిరి పడుతుంటే నడుములు పట్టేసినా, రాత్రీ పగలూ రేవుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో నల్ల సముద్రంలో రష్యా మిసైల్ బోటు ఇవానొవెత్స్‌ను ఉక్రెయిన్ వాళ్ల మనిషి లేని బోట్లు ముంచేశాయి. మన నేవీ వాడుతున్న వీర్ తరగతి బోట్లూ (1971 నాటి వీర్ వేరు) ఆ కుటుంబానివే. యుద్ధమంటూ వస్తే తీరం దగ్గర ముందు దెబ్బ తినేది ఎవరో వేరే చెప్పాలా? వాళ్ల గురించి ప్రసంగాల్లో ఒక్క ముక్క ఉండదు.

వచ్చే డిసెంబరులో మైకు పట్టుకోబోయే పెద్దమనుషులూ, ఆ మూడు బోట్ల పేర్లు కాగితం చూడకుండా చెప్పగలరా? ముందు అవి నేర్చుకుని వేదికెక్కండి.