మన ఎండలకు కత్తెర పురుగు చావదు

"మన ఎండలకు ఏ పురుగైనా మాడి చావాల్సిందే" అని వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ధీమాగా అంటుంటారు. మక్కజొన్న వేసే రైతును ముంచుతున్నది ఈ ధీమానే అంటాను నేను.

మక్కజొన్న ఆకులను తినేసే కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటకలోని శివమొగ్గలో బయటపడి అదే ఏడాది మన చేలకూ వచ్చేసింది. చలికాలమంతా నిద్రలో గడిపే గుణం దీనికి లేదు కాబట్టి అమెరికాలో ఫ్లోరిడా, టెక్సాస్‌ల దక్షిణ భాగాల్లోనే అది చలిని దాటి బతుకుతుంది, పైరాష్ట్రాలకు ఏటా అక్కడి నుంచే ఎగిరి వెళ్తుంది. ఏ పురుగు ఎక్కడ స్థిరపడగలదో తేల్చేది, అది ఎంత చలికి, ఎంత వేడికి తట్టుకుంటుందనే ఇలాంటి లెక్కలే. ఇది ఇంచుమించు 12, 13 డిగ్రీల కన్నా చల్లబడితే ఎదగదు. మన దగ్గర జనవరి రాత్రులు అంత చల్లగా ఉన్నా పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది, దానికి అది చాలు.

ఇక వేసవి. వాతావరణ కేంద్రంలో నమోదైన 42 డిగ్రీలు చూసి పురుగు పోయిందనుకోవద్దు. ఏప్రిల్‌లో బోరు కింద పశువుల మేతకని వేసిన మక్క చేనులోకి దిగి మొక్క నడుమ చుట్టుకుని ఉండే లేతాకుల సుడి ఒకటి విప్పి చూడండి, లోపలంతా తడి, రంపపు పొట్టులాంటి రెట్ట, దాని కింద తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర నాలుగు చుక్కలు. పురుగుకు తగిలేది ఆ సుడిలోని వేడి, కేంద్రంలో కొలిచిన వేడి కాదు.

అందుకే పురుగు ఎక్కడ బతుకుతుందో వాన, ఉష్ణోగ్రత మాత్రమే చూసి గీసిన మ్యాప్ మనకు సరిపోదు. కాకతీయ కాలువ నీళ్లు, బోర్లు, యాసంగి విత్తిన తేదీలు కూడా లెక్కలో వేసి మండలాల వారీగా ముందే చెప్పాలి.

ముందే అని ఎందుకంటున్నానంటే, నల్ల తామర పురుగును 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మన మిరప పూతను అది ఊడ్చేసింది 2021లో. మధ్యలో ఆరేళ్ల టైమ్ ఉంది. అది పుట్టిన ఆగ్నేయాసియా వాతావరణానికి వానల తర్వాతి మన మిరప తోట ఎంత దగ్గరో లెక్కగట్టి రైతుకు చెప్పాల్సిన ఆరేళ్లు. ఆ ఏడాది మిరప తోటలు పీకేసి మక్క వేసినవాళ్లున్నారు. ఆ మక్కలో కత్తెర పురుగు అప్పటికే ఉంది.