కీర్తి సీసాది, కష్టం బొటనవేలిది

పోయిన నెల బీరువాను ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దగ్గరికి జరిపాను. ఆ పూట ఏమీ కాలేదు. ఈ వయసులో కూడా ఎంత సత్తువ అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున మంచం దిగబోతే తొడలు, పిక్కలు, నడుము మూకుమ్మడిగా సమ్మె నోటీసు ఇచ్చాయి. ఆ సందర్భంలోనే మా ఇంట్లో హెంప్ గింజల నూనె కాలు పెట్టింది.

ఆ సీసా గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడకూడదు. ముదురు గోధుమరంగు గాజు, మెడకు నారతాడు ముడి, మూతకు డ్రాపరు, లేబుల్ నిండా వేళ్లు చాపిన ఆకు బొమ్మ. ఆ ఆకు చూడగానే మా ఆవిడ గొంతు తగ్గించి, "ఏమండీ, ఇది ఇంట్లో ఉంటే పోలీసులు రారు కదా?" అంది. గంజాయి జాతి మొక్కే గానీ, మత్తు ఉండేది పూత మీది జిగురులోననీ, గింజలో ఉండేది లేనట్టే లెక్కనీ చెప్పాను. ఇంటిపేరు ఒకటే, ఆస్తిలో వాటా లేదు. ఆమెకు టెన్షన్ తగ్గింది. నాకే, ఎందుకు దాచాలి, కొంచెం నిరాశ కలిగింది.

డ్రాపరు నొక్కితే అరచేతిలో పచ్చటి చుక్క పడింది. కోసిన గడ్డి వాసన, దాని వెనకే పచ్చి గింజ నలిపిన వాసన. ఆ చుక్క పిక్క మీద జారుతుంటేనే సగం నొప్పి పోయింది. ఇంకా రుద్దడం మొదలే కాలేదు.

"కండరాల లోతుల్లోకి చొచ్చుకుపోతుంది" అని లేబుల్ మీద పెద్దక్షరాల్లో ఉంది. మన చర్మం పైపొర మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. అంతే. కానీ కాపలాలో మహా గడుసుది. 500 డాల్టన్లు (అణువుల బరువు తూచే కొలత) దాటిన అణువును లోపలికి రానివ్వడం కష్టమని 2000లో చర్మనిపుణులు ఒక లెక్క చెప్పారు. మన నూనెలో ఎక్కువగా ఉండేది లినోలెయిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం. అలాంటివి మూడు జట్టుకట్టిన నూనె అణువు దాదాపు 880 తూగుతుంది. గేటు దగ్గరే ఆగిపోతుంది. అక్కడే ఉండి చర్మాన్ని మెత్తబరుస్తుంది, తేమ పోకుండా చూస్తుంది, చెయ్యి జారేందుకు వీలు కల్పిస్తుంది. ఇవి చిన్న పనులేమీ కావు. కానీ "గేటు దగ్గర నిలబడుతుంది" అని రాస్తే ఎవరు కొంటారు?

కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని తరిమేస్తుందని ఇంకో హామీ. పాపం, ఆ ఆమ్లం బీరువా జరిపిన గంటా రెండు గంటల్లోనే తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయింది. నేను సీసా పట్టుకుని వెళ్లేసరికి ఇల్లు ఖాళీ. ఈ నొప్పి మాత్రం, అలవాటు లేని పనివల్ల కండరపు పోగుల్లో పడ్డ సన్నటి చీలికలది, వాటికి జరిగే మరమ్మతుది. అది 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, వారంలోపు దానంతటదే తగ్గుతుంది. లేబుల్ ఏమంటుంది? "వారం రోజులు క్రమం తప్పకుండా వాడండి." ఇంత గురి తప్పని జోస్యం నేనెక్కడా చూడలేదు.

అదే సీసాలో నూనెకు తోడు వచ్చిన మూలికల సారాల్లో, పుదీనా జాతి మెంథాల్ మహా మాటకారి. ఒళ్లు చల్లబడదు గానీ, చలిని పసిగట్టే నరాల మీట నొక్కి, చల్లబడిందని మెదడుకు కబురు పంపుతుంది. మిరప ఘాటుదీ ఇదే విద్య, కాకపోతే అది మంట కబురు. ఇలాంటి కబుర్ల గుట్టు విప్పినందుకు డేవిడ్ జూలియస్‌కూ, స్పర్శను, ఒత్తిడిని శరీరం ఎలా పసిగడుతుందో కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. అంటే నొక్కుడుకు నోబెల్ దాకా గౌరవం దక్కింది. సీసా మీద మాత్రం ఆ మాటకు చోటు లేదు.

ఇక వింటర్‌గ్రీన్ అనే మొక్క ఆకుల తైలం. అందులోని మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. చిన్న అణువు కాబట్టి నిజంగానే చర్మం దాటి రక్తంలో కలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా మందులు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా రాసుకోకూడదు, పిల్లలకు అసలు అందనివ్వకూడదు. ఈ సంగతి సీసా అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. లోపలికి పోలేనిదానికేమో పెద్దక్షరాలు!

మా ఆవిడ ఇరవై నిమిషాలు బొటనవేలితో పిక్కను మడమ నుంచి మోకాలి దాకా నొక్కుతూ వచ్చింది. ముడి తగిలిన చోట ఆగింది, నేను అరిచిన చోట ఇంకాస్త ఆగింది. మర్దనతో ఇలాంటి నొప్పి కొంత తగ్గుతుందని పరిశోధనలూ చెప్పాయి. నేను హాయిగా లేచి కూర్చుని, "ఏం నూనె! ఏం మహత్తు!" అన్నాను. ఆమె ఎర్రబడ్డ బొటనవేలిని కాసేపు చూసుకుని, "రేపట్నుంచి ఆ నూనెతోనే నొక్కించుకోండి" అంది.

మిగిలిన నూనెను అలమారలో పెడితే త్వరలోనే ముక్కిపోయిన వాసన పట్టింది. పారెయ్యడానికి మనసొప్పక, కిర్రుమంటున్న బీరువా తలుపు మడతబందులకు పోశాను. ఇది అవిసె నూనెలా గాలికి ఆరి గట్టిపడే రకమని, రంగుల్లో, వార్నిషుల్లో వాడేది అందుకేనని ఆ తర్వాత తెలిసింది. రెండు వారాలకు కిర్రుమనడం ఆగింది. తలుపు తెరుచుకోవడమూ ఆగింది. ఇందాక రెండు చేతులా పట్టుకుని లాగితే భుజం పట్టేసింది.

"సీసాలో ఇంకో రెండు చుక్కలున్నాయండీ, తెమ్మంటారా?" అని వంటింట్లోంచి అడుగుతోంది మా ఆవిడ.