గార్డెన్ స్టేట్ మెసేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్ళు ముందు ఇది చదవండి

షార్ట్ ఫిల్మ్ గ్రూపులన్నిట్లో వారంగా ఇదే తిరుగుతోంది. "జాక్ బ్రాఫ్ అనే సీరియల్ యాక్టరు మ్యూజిక్ డైరెక్టరే లేకుండా, ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు ఒక సీడీలో ఎక్కించి, పైసా ఖర్చు లేకుండా గార్డెన్ స్టేట్ సినిమాలో పెట్టి గ్రామీ కొట్టేశాడు. పబ్లిసిటీ వచ్చిందని ఆ బ్యాండ్లే సంబరపడ్డాయి. మీరూ నచ్చిన పాట వాడేయండి, 30 సెకన్లు దాటకుండా చివర్లో క్రెడిట్ వేస్తే కాపీరైట్ పడదు. సినిమా కంటే పాటలే బావున్నాయి." కింద చప్పట్ల బొమ్మలు. నిన్న ఒక్కరోజే నలుగురు పంపారు, అందులో ఇద్దరు డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాళ్ళు. ఆ సినిమా పాటల ఆల్బం అంటే నాకు ప్రాణం కాబట్టి ఇంకా ఎక్కువ మండింది.

మ్యూజిక్ డైరెక్టర్ లేడనేది అబద్ధం, స్కోర్, అంటే నేపథ్య సంగీతం, చేసింది చాడ్ ఫిషర్. సీడీ సంగతి నిజమే, తనే రాసి, డైరెక్ట్ చేసి, నటించిన ఈ 2004 అమెరికన్ సినిమాకి స్క్రిప్టు రాస్తున్న రోజుల్లో వింటున్న పాటలతోనే బ్రాఫ్ ఆ సీడీ చేసుకున్నాడు. 2005లో గ్రామీ వచ్చిందీ నిజమే, కానీ అది కంపైలేషన్ సౌండ్‌ట్రాక్ కేటగిరీ, ఏరి కూర్చిన ఆల్బంలకి ఇవ్వడానికే పెట్టింది. ఏరి కూర్చినదానికి ఇచ్చారని నోరెళ్ళబెట్టడం దేనికి?

"ఎవరికీ తెలియని బ్యాండ్లు" అట. ఆల్బంలో మొదటి పాటే ప్రపంచమంతా తెలిసిన కోల్డ్‌ప్లే బ్యాండ్‌ది, 2000లో వచ్చిన వాళ్ళ పారాచూట్స్ ఆల్బం నుంచి. సైమన్ అండ్ గార్‌ఫంకెల్ పాట వాళ్ళ 1970 ఆల్బం లోది, ఆ ఆల్బంకి అప్పట్లోనే ఆల్బం ఆఫ్ ది ఇయర్ గ్రామీ ఇచ్చారు. ఇందులో పాట ఉన్న కాలిన్ హే అంటే మెన్ ఎట్ వర్క్ బ్యాండ్ సింగర్, డౌన్ అండర్ అనే పెద్ద హిట్ పాడినాయన. కొంచెం తక్కువ తెలిసినవాళ్ళంటే ద షిన్స్ బ్యాండ్, ఐరన్ అండ్ వైన్ (శామ్ బీమ్ అనే సింగర్ పెట్టుకున్న పేరు) లాంటివాళ్ళు, అందులోనూ షిన్స్ వాళ్ళ న్యూ స్లాంగ్ 2001 ఆల్బం లోది, ఈ సినిమా కంటే ముందే మెక్‌డొనాల్డ్స్ యాడ్‌లో కూడా వచ్చింది. బ్రాఫ్ చేసిన గొప్ప పని మట్టిలో మాణిక్యాలు తవ్వి తీయడం కాదు, 1970 పాటనీ 2003 పాటనీ పక్కపక్కన పెడితే రెండూ ఒకే మనిషి ఒకే రాత్రి విన్నట్టు ఉండేలా కుదర్చడం. అది అందరికీ వచ్చే పని కాదు. డాక్టర్ వెయిటింగ్ రూం సీన్ చూడండి, హీరోయిన్ నటాలీ పోర్ట్‌మన్ ఈ న్యూ స్లాంగ్ పాట వింటే నీ జీవితం మారిపోతుందని చెప్పి తన హెడ్‌ఫోన్స్ బ్రాఫ్‌కి ఇచ్చి, ఇక అతను వింటుంటే అతని మొహమే చూస్తూ కూర్చుంటుంది. మనకి నచ్చిన పాట ఎవరికైనా వినిపించినప్పుడు మనం చేసేది సరిగ్గా అదే కదా. అక్కడ ఇంకో పాట పెట్టి ఊహించుకోండి, కుదరదు.

ఇప్పుడు అసలు విషం, "పైసా ఖర్చు లేదు, 30 సెకన్లు, క్రెడిట్" దగ్గరికొద్దాం.

సినిమాలో ఒక పాట వాడాలంటే రెండు పర్మిషన్లు కావాలి, ఒకటి పాట రాసి ట్యూన్ కట్టినవాళ్ళ తరఫున, రెండోది ఆ రికార్డింగ్ ఎవరిదో వాళ్ళ దగ్గర. ఇదే ఆల్బంలో సచ్ గ్రేట్ హైట్స్ ఉంది, ఆల్బం మీద ఐరన్ అండ్ వైన్ పేరు ఉంటుంది కానీ దాన్ని పాడి రికార్డ్ చేసింది మాత్రమే ఆయన, రాసింది పోస్టల్ సర్వీస్ అనే బ్యాండ్‌లోని బెన్ గిబ్బర్డ్, జిమ్మీ టాంబొరెల్లో. అంటే ఒక్క పాటకే రెండు గుమ్మాలు తొక్కాలి. అలా 13 పాటలు. సినిమాలో వాడుకోవడం ఒకటి, ఆల్బంగా అమ్మడం ఇంకొకటి, దానికి మళ్ళీ వేరే ఒప్పందం. ఆ సినిమా బడ్జెట్ మొత్తం 25 లక్షల డాలర్లే, హాలీవుడ్ లెక్కలో చాలా చిన్నది, అయినా పాటలు ఊరికే లాక్కోలేదు.

పబ్లిసిటీయే జీతం అనేవాళ్ళు నిక్ డ్రేక్ అనే ఇంగ్లిష్ గాయకుడి గురించి చదవండి. ఆయన పాట కూడా ఇందులో ఉంది. బతికుండగా మూడు ఆల్బంలు చేశాడు, ఒక్కటీ పెద్దగా అమ్ముడుపోలేదు, 1974లో 26 ఏళ్ళకే పోయాడు. పాతికేళ్ళ తర్వాత కార్ యాడ్‌లో పాట వస్తే అప్పుడు జనం ఎగబడ్డారు. ఆ పబ్లిసిటీని ఆయనేం చేసుకోవాలి? కనీసం హక్కులున్నవాళ్ళని అడిగి డబ్బులిచ్చి వాడుకోవడమే మిగిలిన మర్యాద.

ఇక ఆ 30 సెకన్ల రూలు ఏ దేశంలో ఏ చట్టంలో ఉందో ఎవరైనా చూపించండి. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో ఫెయిర్ డీలింగ్ ఉంది, రివ్యూకో విమర్శకో వాడుకోవడం గురించి, అందులో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. అమెరికాలోనూ లేదు. క్రెడిట్ వేస్తే చాలట! పక్కింటోడి బండి తీసుకెళ్ళి వెనకాల వాడి పేరు రాస్తే పోలీసులు వదిలేస్తారా? మా గ్రూపులోనే ఒక తమ్ముడు ఆర్నెల్లు కష్టపడి తీసిన షార్ట్ ఫిల్మ్ యూట్యూబ్‌లో పెట్టిన గంటకే క్లైమాక్స్ మొత్తం మ్యూట్ అయిపోయింది, వాడింది 20 సెకన్ల పాట. హీరోయిన్ పెదాలు కదులుతున్నాయి, మాట వినపడదు. టెక్నీషియన్లకి బిర్యానీ పెట్టి చేయించుకున్న డబ్బింగ్ అంతా పోయింది. వాడికీ ఎవరో ఇలాగే చెప్పారు. 2024లో మలయాళ సినిమా మంజుమ్మెల్ బాయ్స్‌కి ఇళయరాజా గారు నోటీసు పంపింది మన 'కమ్మని ఈ ప్రేమలేఖనే' తమిళ ఒరిజినల్ గురించే, రైట్స్ కంపెనీల దగ్గర కొన్నామని నిర్మాతలు చెప్పిన సినిమాకే అలా జరిగితే ఏమీ కొనని మన సంగతేంటి?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. మెసేజ్ చివర్లో "సినిమా కంటే పాటలే బావున్నాయి" అని ఉంది, నిజమే. కొన్నిచోట్ల సీన్ చేయాల్సిన పని పాటే చేసేసింది, పాట తీసేస్తే అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. షిన్స్‌కి లాభం జరిగిందీ నిజమే, 2007లో వాళ్ళ తర్వాతి ఆల్బం అమెరికా ఆల్బంల బిల్‌బోర్డ్ చార్టులో నేరుగా రెండో స్థానంలో దిగింది, ఈ సినిమా లేకపోతే అంత ఎత్తు వచ్చేది కాదనే నా నమ్మకం. కానీ అది అడిగి వాడుకున్న తర్వాత వచ్చిన లాభం.

మన దగ్గర కూడా సొంతంగా పాటలు చేసుకుంటున్న కుర్రాళ్ళు హైదరాబాద్‌లో, వైజాగ్‌లో బోలెడుమంది ఉన్నారు, ఒక మెయిల్ పెట్టి అడగండి, ఎంత ఇవ్వగలరో చెప్పండి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్ళు కనీసం 30 సెకన్ల లైనైనా డిలీట్ చేయండి, వచ్చే వారం ఎడిట్‌కి కూర్చునే పిల్లలు ఆ గ్రూపుల్లోనే ఉన్నారు.