పీడీఎఫ్ దాస్తే పరిశోధన దాచినట్టేనా?

పరిశోధనలో చివరి నివేదిక ఒక్కటే దాస్తే చాలదు, దాని వెనకున్న ముడి రికార్డులూ దాచాలి. ఎందుకో నాగార్జునకొండ చెబుతుంది. ఆ లోయను ఇక ఎవరూ తవ్వలేరు. 1955 డిసెంబరులో నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసేనాటికే కేంద్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా ఆ పని సాగింది. నీళ్ళు వచ్చేలోగా వీలైనంత బయటికి తీయాలన్న హడావుడి అది. పాతరాతియుగపు పనిముట్లు మొదలుకొని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా ఎన్నో కాలాల ఆనవాళ్ళు దొరికాయి. కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండమీదా, అనుపు దగ్గరా మళ్ళీ నిలబెట్టారు. మిగతాదంతా నీటి అడుగున ఉంది.

మరి ఆ తవ్వకాల నివేదిక ఎప్పుడొచ్చింది? మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగం మీద రెండో సంపుటం 2006లో, అంటే పలుగూ పారా పక్కన పెట్టిన 46 ఏళ్ళకు! సర్కారీ నత్తనడక అని నవ్వుకోవచ్చు, నవ్వుకోవాలి కూడా. కానీ అంత ఆలస్యంగానైనా ఆ పుస్తకం రావడానికి కారణం ఒకటుంది. తవ్విన రోజుల నాటి నోటుపుస్తకాలు, ప్లాన్లు, ఫొటోలు, వస్తువుల రిజిస్టర్లు అప్పటిదాకా బతికి ఉన్నాయి. స్థలం మునిగిపోయింది, తవ్వినవాళ్ళు రిటైరయ్యారు, కాగితాలు మాత్రం మిగిలాయి.

తవ్వకం ఒక్కసారే చేయగలిగే ప్రయోగం. మట్టిపొర తీసేశాక ఆ పొర ఇక లేదు. అందుకే గుంట దగ్గర కూర్చున్నవాళ్ళు ఏ ట్రెంచి, పైనుంచి ఎంత లోతు, మట్టి రంగేమిటి, గట్టిగా ఉందా పొడిపొడిగా రాలుతోందా, పెంకు ఏ పొరలో తగిలింది, పై కాలంవాళ్ళు తవ్విన గొయ్యి ఏదైనా ఈ పొరలోకి దిగిందా అని అన్నీ ఆ రోజే రాసుకోవాలి. ఆ చివరి ప్రశ్న చిన్నదేం కాదు. తర్వాతెప్పుడో తవ్విన చెత్తగుంటలోంచి జారిన నాణేన్ని అడుగు పొరదని రాసేస్తే ఒక రాజవంశం వందేళ్ళు వెనక్కి పోతుంది. అచ్చయిన నివేదికలో ఇదంతా 'మూడో పొరలో నాణెం లభించింది' అనే ఒక్క వాక్యమై మిగులుతుంది. ఆ వాక్యం మీద ఎవరికైనా అనుమానం వస్తే తీర్చేది నోటుపుస్తకమే. చాలా తవ్వకాలకు ఆ నివేదిక భాగ్యం కూడా దక్కలేదు. పురావస్తు శాఖ వార్షిక సమీక్షలో కొన్ని పేరాలు, ఒకటి రెండు ఫొటోలు, అంతే.

తవ్వకం సంగతి సరే, ల్యాబులో ప్రయోగమైతే మళ్ళీ చేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. చేసుకోవచ్చు. కానీ ఫలితం వేరుగా వస్తే మొదటిది తప్పా, రెండోది తప్పా? మొదటివాళ్ళ ముడి లెక్కలు లేకుండా ఈ తగవు తీరదు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ వాన్‌సింక్ అనే ప్రొఫెసర్ తిండి అలవాట్ల మీద వినియోగదారుల అధ్యయనాలు చేసి పెద్ద పేరు తెచ్చుకున్నారు. పెద్ద గిన్నెలో పెడితే జనం ఎక్కువ తింటారు వంటి మాటలు మన ఆదివారం అనుబంధాల దాకా వచ్చాయి. ఆయన వ్యాసాల్లో అంకెలు పొసగడం లేదని కొందరు పట్టుకున్నారు. వైద్య పత్రికలు నడిపే జామా సంస్థ అసలు డేటా చూసి నిర్ధారించమని విశ్వవిద్యాలయాన్ని అడిగింది. అసలు డేటా తమ దగ్గర లేదు కాబట్టి హామీ ఇవ్వలేమని విశ్వవిద్యాలయం చెప్పింది. 2018 సెప్టెంబరులో జామా ఒకేసారి 6 వ్యాసాలను ఉపసంహరించుకుంది. కార్నెల్ విచారణలో తేల్చిన తప్పుల జాబితాలో డేటాను తప్పుగా చూపడంతో పాటు, ఫలితాలను సరిగా నమోదు చేసి భద్రపరచకపోవడం కూడా ఉంది. దాచకపోవడం బద్ధకం కింద కాకుండా దుష్ప్రవర్తన కిందికి వచ్చింది. మన దగ్గర ఆ లెక్కన విచారిస్తే ఎన్ని డిపార్టుమెంట్లు నిలుస్తాయో!

అందరూ మోసగాళ్ళని కాదు. నిజాయితీపరుల డేటా కూడా పోతుంది. 2014లో 516 జీవశాస్త్ర వ్యాసాల రచయితలను డేటా కావాలని అడిగి చూసిన ఒక అధ్యయనం వచ్చింది. వ్యాసం వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ, డేటా ఇంకా ఉండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గుతూ పోయిందని తేలింది. మారిపోయిన మెయిల్ అడ్రసులు, చదివే యంత్రం లేని ఫ్లాపీలు, ఇల్లు మారినప్పుడు పోయిన అట్టపెట్టెలు. ఇందులో కుట్రేమీ లేదు, దాచడం ఎవరి ఉద్యోగమూ కాదు, అంతే.

ఉద్యోగంగా చేస్తే ఏమవుతుందో చూడాలంటే పటాన్‌చెరు దాకా వెళితే చాలు. అక్కడి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో పల్లె అధ్యయనాలు మొదలుపెట్టింది. మొదటి ఆరు ఊళ్ళలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు. మిగతావి మహారాష్ట్రవి. ఊరికి 40 కుటుంబాలు. పరిశోధకులు ఆ ఊళ్ళలోనే కాపురముండి, కొన్ని వారాలకోసారి అవే ఇళ్ళకు వెళ్ళి ఏం పండింది, ఏం అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, తిండికీ బట్టకూ ఎంతైంది అని ఏళ్ళ తరబడి రాసుకున్నారు. ఆ లెక్కలను, అందులో వాడిన సంకేతాల అర్థాలతో సహా భద్రపరిచి బయటివాళ్ళకు ఇచ్చారు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 1994లో, రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త ఔరేపల్లితో పాటు మరో రెండు ఊళ్ళ లెక్కలు తీసుకుని, ఒక ఇంటి ఆదాయం పడిపోయినంతగా ఆ ఇంటి ఖర్చు పడిపోవడం లేదని, ఊరు ఊరంతా కష్టాన్ని చాలావరకు పంచుకుంటోందని చూపించాడు. పేదల బీమా గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఇప్పటికీ ఆ వ్యాసం ప్రస్తావన వస్తుంది. ఆ కుటుంబాలను మొదట ప్రశ్నలడిగినవాళ్ళు ఈ ప్రశ్న ఊహించి ఉండరు. వాళ్ళు చేసిందల్లా ఎవరైనా చదవగలిగేలా రాసి ఉంచడం.

చదవగలిగేలా అన్నది ఊరికే అనలేదు. ఏ సర్వే ఎక్సెల్ షీటైనా తెరవండి. పైవరసలో వీ17, క్యూ9బీ అని పేర్లుంటాయి. కింద 1, 2, 9, 99. వయసు గడిలో 99 అంటే తొంభై తొమ్మిదేళ్ళ ముసలాయన కావచ్చు, 'చెప్పలేదు' కావచ్చు. ప్రశ్నపత్రం, ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే కోడ్ పుస్తకం పక్కన లేకపోతే సగటు వయసు పదేళ్ళు పెరిగిపోయినా ఎవరికీ తెలియదు. ఫైలు భద్రంగానే ఉంటుంది, అర్థం మాత్రం రాసినవాడితో రిటైరవుతుంది.

ఇక మన విశ్వవిద్యాలయాలు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలన్న యూజీసీ నిబంధన మంచిదే. లక్షల గ్రంథాలు ఈరోజు ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాం. అయితే అక్కడ పీడీఎఫ్‌గా ఉన్నది ముగింపు కథే. స్కాలరు ఊరూరూ తిరిగి నింపించిన ప్రశ్నపత్రాలు, ల్యాబు పుస్తకం, ఇంటర్వ్యూ రికార్డింగులు గైడు గది బీరువాలోనో, ఏ పెన్‌డ్రైవులోనో ఉంటాయి. గైడు రిటైరైన రోజు గది ఖాళీ చేయాలి, బీరువా కింద పెట్టిన కట్టలు తూకానికి వెళతాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో మొదలై, ఇళ్ళకు వెళ్ళి జనం తిండి లెక్కలు రాసిన పోషకాహార పర్యవేక్షణ బ్యూరోను 2015లో మూసేశారు. 1975లో ఒక కూలి ఇంట్లో ఏం వండుకున్నారో ఇప్పుడెవరూ వెళ్ళి అడగలేరు. అందుకని అలాంటి సంస్థ మూతపడ్డ రోజున అందరూ ముందు అడగాల్సింది దాని ఇంటింటి లెక్కలు ఎవరి చేతిలో పెట్టారని.

అన్నీ బయట పెట్టేస్తే జనం గుట్టు రట్టవదా అన్నది న్యాయమైన అభ్యంతరం. అప్పులు, జబ్బులు, కులం అడిగి రాసిన కాగితాలవి. ఊరు చిన్నదైతే పేరు తీసేసినా పోల్చుకోవచ్చు. కాబట్టి భద్రపరచడం వేరు, అందరికీ తెరవడం వేరు. కొన్నింటికి పదేళ్ళ తాళం వేయొచ్చు, కొన్నింటిని అడిగినవారి అవసరం చూసి ఇవ్వొచ్చు. ఈ అభ్యంతరాన్ని అసలు భద్రపరచకపోవడానికి సాకు చేసుకోవడమే నాకు మింగుడుపడదు.

మార్పు నిధులిచ్చే చోట మొదలవ్వాలి. ముడి రికార్డులు, వాటి కోడ్ పుస్తకం లైబ్రరీకి అప్పగించినట్టు రసీదు చూపితేనే ప్రాజెక్టు చివరి విడత డబ్బు, అదే రసీదు ఉంటేనే పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష, అంటే వైవా. కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఖర్చు మాత్రం ఉంది. వచ్చిన కట్టలను విప్పి, సరిచూసి, పేర్లు తీసి, కొన్నేళ్ళకోసారి కొత్త ఫైలు రూపంలోకి మార్చే మనిషి కావాలి. లైబ్రేరియన్ పోస్టులే ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచే విశ్వవిద్యాలయాలు ఆ మనిషిని ఏ పద్దు కింద తీసుకుంటాయో ముందు చెప్పాలి.