డోలీ మోతకు రోడ్డొక్కటే మందు కాదు

పురిటి నొప్పులతో ఉన్న మనిషిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో ఏటా వానాకాలంలో పేపర్లో వస్తుంది. మర్నాడు అధికారులు ఆ ఊరికి బయల్దేరుతారు, రోడ్డు మంజూరు చేస్తామంటారు. ఈ వరసంతా పాఠకులకు తెలిసిందే. రోడ్డు వేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఫొటో చూసి రోడ్డు గురించి మాత్రమే మాట్లాడుతున్నంత కాలం విశాఖ మన్యంలో తల్లుల చావులు ఆగవు. కొండ మీద కాన్పు చేయగల చేతులు లేవు. ఆ చేతులు మైదానం నుంచి వస్తాయని ఇన్నాళ్లూ ఎదురుచూశాం. రాలేదు, ఇకముందూ రావు. కొండ మీది ఆడపిల్లలకే ఆ పని నేర్పాలి.

విశాఖలో వైద్యానికి కొదవ లేదు. ఆంధ్ర వైద్య కళాశాల 1923లోనే మొదలైంది. కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) వయసూ వందేళ్లు దాటింది. విమ్స్ అనే మరో పెద్దాస్పత్రి ఉంది, ఇక ప్రైవేటు ఆస్పత్రుల సంగతి చెప్పక్కర్లేదు. పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు, అనంతగిరి సహా మన్యంలోని 11 మండలాలకూ చివరి దిక్కు ఈ నగరమే. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి పాడేరు జిల్లా కేంద్రమైనా, కేసు చేయి దాటితే ఇప్పటికీ కేజీహెచ్‌కే రెఫర్ చేస్తారు. పాడేరు నుంచి ఇక్కడికి ఘాట్ రోడ్డుతో కలిపి వంద కిలోమీటర్ల పైమాటే. అసలు పాడేరు దాకా రావడమే ఒక గండం.

ప్రభుత్వ లెక్కలోనే ఒక లోపం ఉంది. గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం), 20,000 మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అన్నది నిబంధన. మైదానంలో ఇవే 5,000, 30,000. కొండ జనానికి కాస్త ఎక్కువే ఇచ్చినట్టు కనిపిస్తుంది. కానీ మైదానంలో 5,000 మంది ఒకటి రెండు ఊళ్లలో ఉంటారు. మన్యంలో 3,000 మంది గూడేలుగా చెదిరి ఉంటారు. మధ్యలో గెడ్డలు, ఎక్కుడు దారులు. మనుషుల్ని లెక్కపెట్టారు గానీ నడకను లెక్కపెట్టలేదు. ఆ నడకంతా ఏఎన్‌ఎంల (సబ్‌సెంటర్ నర్సుల), ఆశా కార్యకర్తల కాళ్ల మీద పడింది.

ప్రసవ మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని 1994లో ఇద్దరు పరిశోధకులు చెప్పిన సూత్రం ఇప్పటికీ వైద్యరంగంలో చెల్లుతోంది. బయల్దేరాలని ఇంట్లో తేల్చుకోవడంలో ఆలస్యం, ఆస్పత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. రోడ్డు తీర్చేది ఈ మూడింట్లో మధ్యదాన్నే. కాన్పయ్యాక తీవ్రంగా రక్తం పోతే సుమారు రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. ఎంత మంచి రోడ్డేసినా కొండ శిఖర గ్రామం నుంచి ఆ రెండు గంటల్లో విశాఖ చేరలేరు. గర్భసంచిని బిగించే ఇంజెక్షనో మాత్రో అప్పటికప్పుడు ఇవ్వగల మనిషి దగ్గరుండాలి. తల్లికి ముందే రక్తహీనత ఉంటే ఆ రెండు గంటలు కూడా దక్కవు.

ఇది నేను కల గని చెబుతున్నది కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి కూడా మన మన్యంలాగే అడవి, ఆదివాసులున్న జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పారు. పుట్టిన బిడ్డను తూచడం, ఊపిరి అందకపోతే అందించడం, ఇన్‌ఫెక్షన్‌ను గుర్తుపట్టి ఇంజెక్షన్ చేయడం, అన్నీ ఇంటి దగ్గరే. మూడో ఏడాదికి నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. పెద్దగా చదువు లేని ఆడవాళ్లు చేసిన పని అది! ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమమూ ఊరి ఆడవాళ్లను నమ్మిందే. ఆ తర్వాతే దేశమంతటా ఆశాలు వచ్చారు. కానీ మనం వాళ్లకు రిజిస్టర్లు, యాప్‌లు ఇచ్చినంత ధారాళంగా వైద్యం చేసే అధికారం ఇవ్వలేదు.

దీనికి అభ్యంతరం ఉంది. గిరిజనులకు నర్సులు, పట్నం వాళ్లకు స్పెషలిస్టులా, ఇది రెండో రకం వైద్యం కాదా అంటారు. 2024లో 50 ఎంబీబీఎస్ సీట్లతో పాడేరు వైద్య కళాశాల కూడా మొదలైంది కదా అంటారు. కళాశాల రావడం నిజంగా సంతోషం. సిజేరియన్‌కు, రక్తం ఎక్కించడానికి ఆస్పత్రే కావాలి. కానీ ఎవరిని ఆస్పత్రికి పంపాలో, ఎప్పుడు పంపాలో పైన ఒకరు గుర్తుపట్టాలి కదా. 2018లో కేంద్రం తెచ్చిన మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే నర్సుల చదువు) మార్గదర్శకాల్లో నర్సింగ్ చదివినవాళ్లకు మరో 18 నెలల శిక్షణ ఉంది. దాన్ని సగం చదువు అనడం అన్యాయం.

ఇక్కడే అసలు సంగతికి వస్తున్నాను. మన్యంలో ఉద్యోగం ఎవరిది? మైదానం టీచర్లు బడులకు సరిగా రావడం లేదనే 2000 జనవరిలో జీవో నం. 3 తెచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు పూర్తిగా స్థానిక గిరిజనులకే అన్నారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఆ జీవో టీచర్లదే అయినా అది పట్టుకున్న జబ్బు ఆస్పత్రుల్లోనూ అదే. పోస్టింగ్ వచ్చిన రోజు నుంచే బదిలీ కోసం తిరిగే ఉద్యోగికి గూడెంలో ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో ఎలా తెలుస్తుంది? తన తెగ భాష కువి మాత్రమే వచ్చిన కోందు తెగ తల్లి తన నొప్పి ఎలాంటిదో ఎవరికి చెప్పుకుంటుంది?

వంద శాతం రిజర్వేషన్ కుదరదంటే భాషను అర్హత చేయండి. కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడగలిగిన వాళ్లకే మన్యంలో ఏఎన్‌ఎం, నర్సు పోస్టులివ్వండి. రోగితో మాట్లాడగలగడం ఆ ఉద్యోగానికి కనీస అవసరం కాబట్టి కోర్టులో ఆ వాదన నిలబెట్టవచ్చు. గిరిజన గురుకులాల్లో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయిలను అక్కడి నుంచే నర్సింగ్‌లోకి, ఆ తర్వాత మిడ్‌వైఫరీలోకి తీసుకోవాలి. చదువు ఖర్చు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ భరించాలి. చేరిన రోజే సొంత మండలంలో ఉద్యోగం రాసివ్వాలి. పాడేరులో మెడికల్ కాలేజీ, దాని ఆస్పత్రి ఉన్నాయి కాబట్టి శిక్షణకు వాళ్లను విశాఖ పంపాల్సిన పని కూడా లేదు. వచ్చే బడ్జెట్‌లో మన్యం రోడ్లకు పెట్టే పద్దు పక్కనే ఈ అమ్మాయిల పద్దు కూడా ఉండాలి. లేకపోతే ఎందుకు లేదో మన ఎమ్మెల్యేలు, ఎంపీలు అసెంబ్లీలో, పార్లమెంటులో అడగాలి.