పదకొండు నెలల పేచీ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ జిరాక్స్ సెంటరుకు వెళ్లినా రెంటల్ అగ్రిమెంటు నమూనా కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంటుంది. పేర్లు, అద్దె, అడ్వాన్సు నింపి, పదకొండు నెలల గడువు వేసి స్టాంపు కాగితం మీద ప్రింటు తీసి ఇస్తారు. పది నిమిషాల పని. చివరి షరతుల్లో ఒకటి దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది: గడువు ముగిశాక ఉభయుల పరస్పర అంగీకారంతో పొడిగించుకోవచ్చును. చదవడానికి మర్యాదగా ఉన్న ఈ వాక్యం పేచీ వచ్చిన రోజున ఎందుకూ కొరగాదు. ఇద్దరికీ ఇష్టమైతే పొడిగించుకోవడానికి ముందే రాసుకున్న షరతు అక్కర్లేదు. ఒకరికి ఇష్టం లేనప్పుడు ఏం చేయాలో చెప్పడానికే అది కావాలి. అదొక్కటీ అందులో ఉండదు. అద్దె ఎంతో, ఎన్నేళ్లకో, ఆ రెండూ ఎలా లెక్కకట్టాలో తేల్చకుండా తర్వాత చూసుకుందామని రాసుకున్న మాట 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షను కింద అనిశ్చిత ఒప్పందమవుతుంది. దాన్ని అమలు చేయమని కోర్టును అడగలేం.

ఇంటి విషయంలో ఈ లోపం పెద్దగా నొప్పించదు. ఓనరు రెండు వేలు ఎక్కువ అడిగితే సామాను ఎక్కించి పక్క వీధికి మారిపోవచ్చు. మడిగె, అంటే దుకాణపు గది, సంగతి వేరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రోడ్డు మీది షట్టర్ తీసుకుని టిఫిన్ సెంటర్ పెట్టినవాడు ఫ్లోరింగ్, పొగగొట్టం, త్రీఫేజ్ కరెంటు, బోర్డు అన్నిటికీ సొంత డబ్బే పోస్తాడు. ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ లైసెన్సు, జీఎస్‌టీ రిజిస్ట్రేషను ఆ చిరునామా మీదే ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, గిరాకీ ఆ చోటికి అలవాటు పడి ఉంటుంది. ఆ సంగతి తెలుసు గనకే రిన్యువల్ నాటికి ఓనరు అద్దె ఒక్కసారిగా సగం పెంచి అడుగుతాడు. ఖాళీ చేయించడం అంత తేలిక కాదని తెలుసు గనక అద్దెదారు మొండికేస్తాడు. ఇద్దరి ధీమాకూ ఆధారం ఉంది. ఇద్దరూ చివరికి నష్టపోవడానికీ అదే కారణం.

పదకొండు నెలల సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలుసు. దేశమంతటా ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి పదకొండు దగ్గర ఆపుతారు. నిజానికి మన రెండు రాష్ట్రాల్లో 1999 సవరణ ప్రకారం ఏడాదిలోపు లీజునూ రిజిస్టర్ చేయాలి, అయినా ఇళ్ల విషయంలో దాంతో పెద్దగా చిక్కు రాదు. మడిగెలకు మాత్రం మూడేళ్లనో ఐదేళ్లనో రాసుకుని, దాన్నీ రిజిస్టర్ చేయకుండా బీరువాలో పెట్టేస్తున్నారు. అసలు ప్రమాదం అక్కడుంది. రిజిస్టర్ కాని మూడేళ్ల లీజులో "మరో మూడేళ్లు పొడిగించుకునే హక్కు అద్దెదారుకు ఉంది" అని ఎంత స్పష్టంగా రాసినా ఆ షరతును సాక్ష్యంగా చదవడానికి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షను ఒప్పుకోదు. ఆ కాగితంతో అద్దెదారు అక్కడ ఉన్నాడని మాత్రం చూపించుకోవచ్చు. అద్దెదారీ నెలవారీ కిందకు దిగుతుంది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో ముగిసిపోతుంది. ఈ పదిహేను రోజులు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. స్టాంపు తక్కువ పడితే అది ఇంకో తలనొప్పి. లోటుతో పాటు దానికి పదిరెట్ల దాకా జరిమానా కడితే తప్ప కాగితం కోర్టులో పనికిరాదు.

రిజిస్టరైన లీజు ఉన్నవారు కూడా పొరపడే చోటు ఒకటుంది. పొడిగింపు, రిన్యువల్ ఒకటి కావు. పాత లీజే కొనసాగితే పొడిగింపు. రిన్యువల్ అంటే కొత్త లీజు: కొత్త దస్తావేజు, కొత్త రిజిస్ట్రేషను. గడువుకు మూడు నెలల ముందు లిఖితపూర్వకంగా కోరాలని షరతు ఉంటే అలాగే కోరాలి. ఫోన్లో "సార్, మేం ఉంటాం" అంటే ఆ షరతు నెరవేరినట్టు కాదు. గడువు దాటాక ఓనరు రెండు నెలలు అద్దె తీసుకున్నాడు కాబట్టి లీజు దానంతటదే సాగిందని వాదించేవారు చాలామంది ఉన్నారు. ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షనులో అలాంటి అవకాశం ఉన్నమాట నిజమే. అయితే రిన్యువల్‌కు ఒక పద్ధతి రాసి ఉన్నప్పుడు, దాన్ని పాటించకుండా అద్దె పుచ్చుకోవడం ఒక్కటే అంగీకారం కాదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. కాబట్టి ఓనర్లు కూడా జాగ్రత్తపడాలి. గడువు దాటాక వచ్చిన డబ్బును "వాడకపు పరిహారంగా తీసుకుంటున్నాం, రిన్యువల్ కాదు" అని ఒక్క ముక్క రాసి పంపితే పేచీ సగం తగ్గుతుంది.

మంచి లీజులో రిన్యువల్ షరతు ఎలా ఉండాలి? కోరాల్సింది ఎవరు, గడువుకు ఎన్ని రోజుల ముందు, ఎలాంటి లేఖతో, ఎన్నేళ్లకు, అద్దె ఏ లెక్కన, ఏ తప్పు చేస్తే ఆ హక్కు పోతుంది. ఇవన్నీ నాలుగైదు పంక్తుల్లో పట్టేస్తాయి. అద్దె లెక్కే అన్నిటికన్నా కీలకం. చివరి అద్దె మీద 15 శాతం అనో, ఏడాదికి 5 శాతం అనో అంకె రాసుకోవడం ఉత్తమం. "మార్కెట్ రేటు" అని రాసుకుంటే దాన్ని ఎవరు తేలుస్తారో కూడా రాయాలి: ఇద్దరూ ఒప్పుకున్న ఒక రిజిస్టర్డ్ వాల్యుయర్, ఫీజు చెరిసగం, ఆయన చెప్పిందే ఆఖరు. ఇది లేని "మార్కెట్ రేటు" కూడా పరస్పర అంగీకారానికి తోబుట్టువే.

అలాంటి షరతు లేదు, గడువు దగ్గరపడింది. అప్పుడు? గడువుకు తొంభై రోజుల ముందు కూర్చోవాలి, పది రోజుల ముందు కాదు. అద్దెదారు స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపి, అందిన రుజువు దాచుకోవాలి. పాత లీజు తేదీ, గడువు, కోరుతున్న కాలం, ఇవ్వగల అద్దె, ఇప్పటిదాకా బకాయి లేదనే మాట, ఇరవై రోజుల్లో జవాబు కోరడం ఉంటే చాలు. వాట్సాప్‌లోనూ అదే పంపవచ్చు, దాని మీదే ఆధారపడకూడదు. తర్వాత ఇద్దరూ కాగితం మీద లెక్కేయాలి. ఆవేశం అక్కడే చల్లారుతుంది.

ఉదాహరణకు ఇప్పుడు అద్దె నెలకు 40,000. ఓనరు 60,000 అడుగుతున్నాడు, అద్దెదారు 44,000 దగ్గరే ఆగాడు. మధ్యేమార్గం 52,000 అని పెద్దమనుషులు చెబుతారు గానీ అంత ఒక్కసారిగా పెరిగితే అద్దెదారు మోయలేడు. మొదటి ఏడాది 48,000, ఆపై ఏటా 5 శాతం అంటే రెండో ఏడాది 50,400, మూడో ఏడాది 52,920. మూడేళ్ల సగటు 50,440. ఇద్దరూ ఒప్పుకోగల అంకె ఇది. ఓనరు ఒప్పుకోకుండా ఖాళీ చేయిస్తే ఏమవుతుంది? మూడు నెలలు టూలెట్ బోర్డు వేలాడితే 48,000 చొప్పున 1,44,000 పోతుంది. బ్రోకరుకు ఒక నెల అద్దె 60,000. మొత్తం 2,04,000. కొత్త అద్దెదారు 60,000 ఇచ్చాడనే అనుకుందాం. నెలకు అదనంగా వచ్చే 12,000తో ఆ నష్టం పూడడానికి కనీసం పదిహేడు నెలలు పడుతుంది. అద్దెదారు లెక్క కూడా ఇలాగే వేయాలి: వదిలేసే ఇంటీరియర్, కొత్త చోట అడ్వాన్సు, మూతపడిన రోజుల గల్లా, పోయే గిరాకీ.

పన్నుల సంగతి ఈ బేరంలో చాలామంది మరిచిపోతున్నారు. 2024 అక్టోబరు 10 నుంచి ఓనరుకు జీఎస్‌టీ రిజిస్ట్రేషను లేకపోయినా, అద్దెదారుకు ఉంటే వాణిజ్య అద్దె మీద 18 శాతం అద్దెదారే రివర్స్ చార్జి కింద కట్టాలి. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలోని చిన్న వ్యాపారులను 2025 జనవరిలో దీన్నుంచి మినహాయించారు. మిగతావారిలో ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నును తాము వసూలు చేసే పన్నులోంచి తగ్గించుకునే వీలు) దక్కేవారికి భారం లేదు. 5 శాతం పన్నుతో నడిచే హోటలుకు ఆ క్రెడిట్ ఉండదు. 48,000 అద్దె మీద నెలకు 8,640 సొంత ఖర్చే. "అద్దె పన్నుతో కలిపా, విడిగానా" అన్న నాలుగు మాటలు లీజులో లేకపోతే రిన్యువలైన నెలకే మళ్లీ గొడవ. రెండో ఏడాది అద్దె యాభై వేలు దాటుతుంది గనక ఖాతాల ఆడిట్ అవసరం లేని వ్యక్తి అద్దెదారైనా అద్దెలోంచి 2 శాతం టీడీఎస్ (ఓనరు తరఫున ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాల్సి వస్తుంది. డబ్బు తగ్గించి వేశాడని ఓనరు అనుకోకముందే చెప్పుకోవడం మంచిది.

గొడవ ముదిరాక ఇద్దరూ చేసే తప్పులు కొత్తవి కావు. ఓనరు కరెంటు తీయిస్తాడు, నల్లా కట్టేస్తాడు, రాత్రికి రాత్రి షట్టరుకు ఇంకో తాళం వేస్తాడు. గడువు తీరిన అద్దెదారునైనా చట్టప్రకారమే ఖాళీ చేయించాలి. బలవంతంగా తోసేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లో దావా వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు, అక్కడ హక్కు ఎవరిదన్న ప్రశ్నే రాదు. అద్దెదారు చేసే తప్పు అద్దె ఆపేయడం, "అడ్వాన్సులో పట్టుకోండి" అనడం. ఒప్పుకున్న అద్దె ఇవ్వకపోతే మంచి కేసు కూడా చెడిపోతుంది. ఓనరు తీసుకోనంటే బ్యాంకు ఖాతాకు పంపాలి. ఖాతా వివరాలు ఇవ్వకపోతే మనియార్డరు పంపి, తిరిగొచ్చిన రశీదు దాచాలి. అద్దె నియంత్రణ చట్టం వర్తించే భవనమైతే రెంట్ కంట్రోలర్ వద్ద డిపాజిట్ చేసే మార్గం ఉంది. గడువు తీరాక కూర్చున్నవారికి మరో మాట: పాత అద్దె కడుతున్నాం కదా అన్న ధీమా వద్దు. ఖాళీ చేయమన్న డిక్రీ మీద అప్పీలుకు వెళ్లి స్టే అడిగితే మార్కెట్ అద్దె కట్టమని కోర్టు షరతు పెట్టవచ్చు.

దావాకు ముందు వెళ్లాల్సిన చోటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. దీని అసలు ప్రయోజనం ఖాళీ చేసే పేచీల్లో కనిపిస్తుంది. అద్దెదారుకు ఆరు నెలల గడువు, అంతదాకా పెంచిన అద్దె, ఫలానా తేదీన తాళాలు, అదే రోజు అడ్వాన్సు అని రాసుకుంటే, మాట తప్పినవారి మీద మళ్లీ దావా వేయనక్కర్లేదు, నేరుగా అమలు చేయించుకోవచ్చు. కేవలం వ్యాపారానికే వాడే భవనమై, వివాదం విలువ 3 లక్షలు గానీ ఆపైన గానీ ఉంటే అది కమర్షియల్ కోర్టు పరిధి. అక్కడ అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. లీజులో ఆర్బిట్రేషన్ షరతు రాసుకున్నవారు కూడా ఉన్నారు. ఆస్తి బదిలీ చట్టం కిందకు వచ్చే లీజుల పేచీలను ఆర్బిట్రేటర్ తీర్చవచ్చని, అద్దె నియంత్రణ చట్టాల కిందకు వచ్చేవాటిని తీర్చరాదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో స్పష్టం చేసింది.

ఖాళీ చేయడానికే ఒప్పుకుంటే, తాళాలు ఇచ్చే రోజు కూడా జాగ్రత్త కావాలి. అద్దెదారు పెట్టిన ఏసీ, షట్టరు, ర్యాకులు స్వాధీనం తన చేతిలో ఉన్నంతవరకే విప్పుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ఇస్తుంది, గోడను మునుపటిలా చేసి వెళ్లాలి. వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకు అడ్వాన్సులో కోత చెల్లదు. మీటరు రీడింగు, ఫొటోలు, తాళాల సంఖ్య, ఇద్దరి సంతకాలతో ఒక కాగితం ఉంటే పెయింటింగు పేరిట నెల అద్దె కోసే ఆనవాయితీకి అడ్డుకట్ట పడుతుంది.

ఇక ప్రభుత్వాల పని. తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే ఆధారం. 2005 సవరణతో కార్పొరేషన్లలో 3,500, ఇతర చోట్ల 2,000 దాటిన అద్దెలు, పదిహేనేళ్లు నిండని భవనాలు దాని పరిధిలోంచి జారిపోయాయి. నేటి హైదరాబాద్‌లో 3,500కు గది దొరకదు. అంటే నగరంలో కొత్తగా కుదిరే ఏ లీజుకైనా సివిల్ కోర్టే గతి. ఆంధ్రప్రదేశ్ 2017లో తన అద్దె చట్టాన్ని మార్చుకుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రాష్ట్రాల కోసం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో లిఖిత ఒప్పందం తప్పనిసరి, అడ్వాన్సు ఇంటికి రెండు నెలలు, వ్యాపార భవనానికి ఆరు నెలలు మించకూడదు, గడువు దాటి కూర్చుంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపై నాలుగు రెట్లు, వివాదం అరవై రోజుల్లో తేలాలి. నాలుగు రెట్ల నిబంధన చిన్న దుకాణదారు మీద మరీ కఠినమని మా అభిప్రాయం. రిన్యువల్ చర్చ నడుస్తున్నంత కాలం దాన్ని ఆపే వెసులుబాటు రాష్ట్రం చేర్చుకోవాలి. అరవై రోజుల గడువును మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోవాలి.

చట్టం వచ్చేలోగా ఈ పని ఎవరూ ఆపరు: రిజిస్ట్రేషన్ శాఖ తన వెబ్‌సైటులో లీజు నమూనా ఒకటి పెట్టి, అందులో రిన్యువల్‌ను కోరే గడువు, కాలపరిమితి, అద్దె పెంపు శాతం అనే మూడు ఖాళీలు నింపనిదే దస్తావేజు ముందుకు కదలకుండా చేయవచ్చు. జిరాక్స్ సెంటర్ల కంప్యూటర్లలోకి ఆ నమూనా చేరడానికి వారం పట్టదు.