ఉప్పు, కూలీలు, పెళ్ళిళ్ళు: యానాం హద్దు మీద రెండు దొరతనాల బేరం

1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. అయిదు రోజులు గడిచాక, ఏప్రిల్ 6న, గాంధీ దండి తీరంలో గుప్పెడు ఉప్పు తీసి ఇంకో చట్టాన్ని ఉల్లంఘించారు. ఉప్పు చట్టాన్ని ధిక్కరిస్తే లాఠీలు, జైళ్ళు. శారదా చట్టం తప్పించుకోవడానికి మాత్రం అంత కష్టం లేదు. గోదావరి జిల్లా వాళ్ళు పిల్లని తీసుకుని యానాం వెళ్తే చాలు. అది ఫ్రెంచివాళ్ళ నేల, ఇంగ్లీషు చట్టం అక్కడ చెల్లదు. ముహూర్తం అక్కడ పెట్టుకుని, తలంబ్రాలు పోయించుకుని, సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. యానానికి కళ్యాణపురం అనే పేరు అలా వచ్చిందే.

ఈ సంగతి మనవాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. పెళ్ళికూతురి వయసు గుర్తొస్తే అంత సరదాగా ఉండదు. అయినా ఒక విషయం దీంట్లో తేటగా కనిపిస్తుంది. హద్దుకి అటూ ఇటూ ఉన్నది ఒకే భాష, ఒకే చుట్టరికాలు, ఒకే గౌతమి నీళ్ళు. తేడా అల్లా చట్టంలోనూ పన్నులోనూ ఉంది. ఆ తేడా ఉన్నన్నాళ్ళూ దాన్ని దాటేవాళ్ళు ఉంటారు. దొరలకి ఇది బాగా తెలుసు. అందుకే హద్దు గురించి ఇంగ్లండు, ఫ్రాన్సు రాసుకున్న కాగితాల్లో దొంగరవాణాని అంతం చేయాలన్న పట్టుదల కంటే, దాని మీద ఎవరి వాటా ఎంత అన్న లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఉప్పు. నెపోలియన్ ఓడాక 1814లో పారిస్ సంధి కుదిరింది. పాండిచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగర్, యానాం ఫ్రాన్సుకి తిరిగి ఇచ్చేశారు. షరతు ఏమిటంటే కోటలు కట్టకూడదు, పోలీసు పనికి సరిపడా సిపాయిలకి మించి ఉంచకూడదు. అంటే ఫిరంగుల భయం తీరిపోయింది. మరి ఈస్టిండియా కుంపిణీకి ఇంకా టెన్షన్ దేనికి? సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పుమడులకి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు మీద కుంపిణీది గుత్తాధిపత్యం. ఉప్పు తీసేవాడు కుంపిణీకే అప్పజెప్పాలి, తినేవాడు కుంపిణీ చెప్పిన ధరకి కొనాలి. ఖజానాకి అదొక పాడి ఆవు. పక్కనే ఫ్రెంచి నేల మీద మడులు కట్టి, చవకగా అమ్మి, రాత్రికి రాత్రి బస్తాలు దాటిస్తుంటే ఆ గుత్త ఎన్నాళ్ళు నిలుస్తుంది? వందల మైళ్ళ పొడవున కాపలా పెట్టడం అయ్యే పని కాదు. పాండిచ్చేరి అయితే ఒక్క ముక్క కూడా కాదు, ఇంగ్లీషు గ్రామాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్న మాగాణి చెక్కల్లాంటిది.

అందుకని బేరానికి దిగారు. 1815 మార్చి 7న లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రెంచి స్థావరాల్లో జనం వాడకానికి పోను మిగిలిన ఉప్పంతా ఇంగ్లీషువాళ్ళే కొంటారు, వేరెవరూ కొనకూడదు. ఆ హక్కు కోసం ఏడాదికి 4 లక్షల సిక్కా రూపాయలు ఫ్రాన్సుకి ముట్టజెప్తారు. మూడేళ్ళు తిరిగేసరికి అదీ చాలలేదు. 1818లో ఫ్రెంచి నేల మీద ఉప్పు పండించడమే ఆపించారు. దానికి నష్టపరిహారం ఏడాదికి 4,000 వరహాలు, వరహా మూడున్నర రూపాయల చొప్పున 14,000 రూపాయలు. పారతో మడిలో దిగి ఉప్పు లాగేవాడు ఈ బేరంలో పార్టీ కాదు. నిన్నటిదాకా కళ్ళ ముందు పండిన ఉప్పు ఇవాళ నేరమైపోయింది. దాన్ని నేరం చేసినందుకు పారిస్‌కి ఏటా సొమ్ము అందుతోంది.

అదే 1815 ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. కలకత్తా వేలంలో పలికిన సగటు ధరకి ఏటా 300 పెట్టెల నల్లమందు ఫ్రెంచివాళ్ళకి ఇవ్వాలి. ఇది చదివినప్పుడు నవ్వొస్తుంది. నల్లమందు చైనాలో నిషిద్ధం. కుంపిణీ దాన్ని బెంగాల్, బీహార్ రైతుల చేత పండించి, కలకత్తాలో వేలం వేసి, ప్రైవేటు వర్తకుల ఓడల్లో చైనా తీరానికి పోనిస్తుంది. దొంగరవాణాకి అంతపెద్ద సరఫరాదారు ఆ రోజుల్లో ఇంకొకరు లేరు. ఆ దొరలే ఇక్కడ యానాం వైపు నుంచి వచ్చే ఉప్పు బస్తాకి దొంగసొత్తు అని ముద్ర వేశారు.

ఉప్పు తర్వాత మనుషులు. ఇక్కడ కథ మరీ మనది. ఇప్పుడు రీయూనియన్ అంటున్న దీవిని అప్పట్లో బోర్బన్ అనేవారు. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలు ఓడెక్కి అక్కడి చెరకు తోటలకి వెళ్ళారు. 1839లో బ్రిటిష్ ఇండియా విదేశాలకి కూలీల ఎగుమతిని నిషేధించింది. తర్వాత మారిషస్ లాంటి తమ సొంత కాలనీలకి తలుపు తీసింది గానీ ఫ్రెంచి దీవులకి తియ్యలేదు. 1848లో ఫ్రాన్సు తన కాలనీల్లో బానిసత్వం రద్దు చేసేసరికి అక్కడి తోటలకి పనివాళ్ళ కరువు వచ్చింది. ఇక కూలీలని పోగుచేసే మేస్త్రీలు ఇంగ్లీషు గ్రామాల్లో తిరిగి, అప్పుల్లో ఉన్నవాణ్ణీ ఊళ్ళో గొడవపడి వచ్చినవాణ్ణీ పట్టుకుని, మాటలు చెప్పి హద్దు దాటించి ఫ్రెంచి రేవుల్లో ఓడ ఎక్కించడం మొదలుపెట్టారు. మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పేది. తమ నేల మీద తమ చట్టం అని పాండిచ్చేరి జవాబిచ్చేది.

ఈ తగువు 1860, 1861 ఒప్పందాలతో తీరింది. ముందు రీయూనియన్‌కి 6,000 మందిని తీసుకుపోనిచ్చారు. 1861 జులై 1న కుదిరిన ఒప్పందంతో కరీబియన్‌లోని మార్టినిక్, గ్వాడెలూప్ వంటి ఫ్రెంచి కాలనీలన్నిటికీ దారి తెరిచారు. దీని వెనక కూలీల మంచిచెడ్డల కంటే పెద్ద లెక్క ఒకటి నడిచింది. ఆఫ్రికా తీరంలో ఫ్రాన్సు చేస్తున్న కూలీల సేకరణ పేరు మార్చిన బానిస వ్యాపారమేనని ఇంగ్లండు పోరు పెడుతోంది. అది మానేస్తే ఇండియా నుంచి కూలీలు దొరుకుతారని లెక్క కుదిరింది. ఆఫ్రికా మనిషికి బదులు తమిళ, తెలుగు మనిషి. హద్దు దాటడం నిన్న నేరం, ఇవాళ రిజిస్టర్‌లో సంతకం. రీయూనియన్‌లో కూలీల బతుకు మీద ఫిర్యాదులు పెరిగి, 1882లో ఇంగ్లీషువాళ్ళు ఆ దీవికి వలసలు నిలిపేసేదాకా ఇదే నడిచింది.

రాజకీయ పరారీల సంగతి అందరికీ కొంత తెలిసిందే. 1815 ఒప్పందం తొమ్మిదో నిబంధన ప్రకారం ఇటు కేసు ఉన్నవాడు అటు దాక్కుంటే, అడగ్గానే అప్పగించాలి. కాగితం మీద అంత స్పష్టంగా ఉన్నా, 1908లో పాండిచ్చేరి వెళ్ళిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతిని గానీ, 1910లో వెళ్ళిన అరవిందుణ్ణి గానీ ఫ్రెంచివాళ్ళు అప్పగించలేదు. ఉప్పు విషయంలో మాట మీద నిలబడ్డవాళ్ళు ఇక్కడ ఎందుకు నిలబడలేదు? స్వేచ్ఛ మీద ప్రేమ అని కొందరు రాస్తారు. కొంత నిజమే కావచ్చు. ఉప్పుకి ఏటా ఇంత అని ముడుతోంది, భారతికి ఏమీ ముట్టదు అన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. భారతి పత్రిక ‘ఇండియా’ పాండిచ్చేరిలో అచ్చయి, ఇటు నిషేధం ఉన్నా మూటల్లో హద్దు దాటేది. 1918 నవంబరులో ఆయన హద్దు దాటి కడలూరు వైపు రాగానే పట్టుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీ కూడా హద్దునే ఆయుధంగా తీసింది. మచిలీపట్నం ఫ్రెంచిపేట లాంటి చిన్న చిన్న స్థలాలు 1947 అక్టోబరులోనే మన చేతికి వచ్చాయి, పేచీ లేదు. పెద్ద స్థావరాల మీద చర్చలు సాగలేదు. 1941 నుంచి రెండు వైపులా ఒకే సుంకాల పద్ధతి ఉండేది. 1949 ఏప్రిల్‌లో దాన్ని భారత ప్రభుత్వం రద్దు చేసి ఫ్రెంచి స్థావరాల చుట్టూ కస్టమ్స్ కాపలా పెట్టింది. కాపలా రాగానే ధరల తేడా వచ్చింది, తేడా రాగానే బంగారం, విదేశీ సరుకు చాటుగా నడిచాయి. దొంగరవాణా పెరిగింది కాబట్టి కాపలా బిగించాలి అన్నారు. యానాంలో విమోచన ఉద్యమానికి దడాల రఫేల్ రమణయ్య ముందు నిలవగా 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన పోయింది. నవంబరు 1న ఆచరణలో, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం అప్పగింత పూర్తయింది.

ఫ్రెంచివాళ్ళు పోయినా హద్దు పోలేదు. యానాం ఇప్పటికీ పుదుచ్చేరిదే. మద్యం మీద పన్ను అక్కడ వేరు, ఆంధ్రలో వేరు. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు యానాం దారి ఎవరికీ చూపించాల్సిన పని లేకపోయింది. ఇప్పుడూ రోడ్ల మీద ఆంధ్ర వైపు తనిఖీలు ఉంటాయి. సీసా అమ్ముడైతే పుదుచ్చేరి ఖజానాకి సుంకం, అది హద్దు దాటితే ఆంధ్ర ఖజానాకి గండి. చేతిసంచిలో సీసాలు దాచుకుని ఆటో దిగినవాడికి కేసు.